కాపురము విడిపోయిన పిదప అప్పు ఎవరిది?

భార్యాభర్తలు విడిపోవునప్పుడు మన పెద్దలు కూర్చుండి అన్నియు పంచుదురు. బంగారము తూకము వేయుదురు. బిందెలు, బోకులు లెక్కింతురు. పిల్లలు ఎవరియొద్ద నుండవలెనో తేల్చుదురు. పెండ్లినాటి ఖర్చులను గూర్చి రెండు పక్షములవారును కొంతసేపు అరచుకొన్న పిదప ఒక అంకె కుదురును. స్టాంపు కాగితముపై చేవ్రాళ్లు పడును. అందరును టీ త్రాగి లేచిపోవుదురు. ఆ కాగితములో లేని పద్దు ఒక్కటే. అది అప్పు. మరుసటి వారము కిస్తు వసూలు చేయువాడు గుమ్మము ముందు నిలుచున్నప్పుడు గాని ఆ పద్దు ఎవరికిని జ్ఞాపకము రాదు.

టెంఘర్, పద్మానగర్ ప్రాంతములలోను, భివండీలో మన తెలుగువారు స్థిరపడిన తక్కిన పేటలలోను ఈ పద్ధతి బలముగా నాటుకొన్నది. దీనిని మేము గట్టిగా ఆక్షేపించుచున్నాము. ఇట్టి సంచికలలో పండుగలను గూర్చియు, పద్యములను గూర్చియు, మార్కండేయ మహర్షి ఉత్సవములను గూర్చియు వ్రాయుట వాడుక. అది మంచిదే. కాని కష్టకాలమున ఒక సంఘము తన బిడ్డల నెట్లు చూచుకొనునో అదియు సంస్కృతియే గదా! అప్పును వ్రాయని తీర్పు తీర్పే కాదని మా వాదము.

మేము న్యాయవాదులము కాము. మెట్రిక్కు వరకు చదివి, ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగిరి చేసి, జమాఖర్చులు వ్రాసి విశ్రాంతి పొందినవారము. ఒక పక్క జమ వ్రాసి, రెండవ పక్క బాకీ వ్రాయకుండ పుస్తకము మూసిన గుమాస్తాను ఏ సేఠును కొలువులో ఉంచుకొనడు. మన పెద్దలు చేయుచున్న పని అదియే.

ముందుగా ఈ అప్పు ఎట్లు పుట్టుచున్నదో చూడుడు. మన పూర్వులు కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు మొదలగు జిల్లాలనుండి మగ్గమును నమ్ముకొని ఈ యూరికి వచ్చిరి. సాంచాలమీద రాత్రింబవళ్లు నిలిచి మజూరీ చేసినవారిలో కొందరు కాలక్రమమున అద్దె గాలాలో రెండు మూడు సాంచాలు వేసికొనిరి. అందుకు పెట్టిన పెట్టుబడిలో హెచ్చుపాలు అప్పే. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయి, రొక్కముతో నడచు మజూరీ పని కుంటువడినది. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి సాంచాలు ఆగిపోయినవి. ఎన్నో కుటుంబములు మూటాముల్లె కట్టుకొని స్వగ్రామములు పట్టినవి. తిరిగివచ్చిన పిదప నిలిచిపోయిన అద్దెకు, కరెంటు బిల్లుకు, బడి ఫీజునకు మరల అప్పే దిక్కైనది.

పూర్వము అప్పు మగవాని పేర నుండెడిది. సేఠువద్ద బయానా, కిరాణా దుకాణములో ఖాతా, ఊరిలో ప్రామిసరీ నోటు, అన్నియు అతనివే. ఇప్పుడు కాలము మారినది. చిన్న అప్పుల కంపెనీలు ఆస్తి అడుగవు, తాకట్టు అడుగవు, ఆడవారిని అడుగును. పేటలోని స్త్రీలను గుంపుగా చేర్చి, ఒకరికొకరు బాధ్యులుగా వ్రాయించుకొని, స్త్రీ పేరననే సొమ్ము నిచ్చును. స్త్రీ మాటకు నిలుచుననియు, పొరుగింటివారి యెదుట తలవంపునకు వెరచుననియు వారెరుగుదురు. సొమ్ము చేతికి వచ్చిన సాయంకాలమే అది సాంచా మోటారుకో, గాలా డిపాజిట్టుకో, మగని పాత బాకీకో, ఆడబిడ్డ పెండ్లికో పోవును. వచ్చిన సొమ్ము ఇంటిది. కట్టవలసిన కిస్తు ఆమెది.

ఒక లెక్క వేసి చూపుదుము. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశముల ప్రకారము, సంవత్సరమునకు 3,00,000 రూపాయలకు మించని రాబడి గల కుటుంబమునకు తాకట్టు లేకుండ నిచ్చునది సూక్ష్మఋణము. ఆ కుటుంబము తన అప్పులన్నిటికిని నెలకు కట్టు మొత్తము నెల రాబడిలో సగమునకు మించరాదు. కుటుంబమనగా భర్త, భార్య, పెండ్లికాని పిల్లలు అని ఆ యాదేశములే చెప్పుచున్నవి. ఇప్పుడు ఒక యింటిని ఊహించుకొనుడు. మగడు సాంచాలమీద నెలకు 17,000 రూపాయలు, ఆలు కండెలు చుట్టి 7,000 రూపాయలు తెచ్చుచున్నారనుకొందము. మొత్తము 24,000. అందులో సగము, అనగా 12,000 వరకు కిస్తులు కట్టవచ్చునని లెక్కగట్టి ఆమె పేర అప్పులిచ్చిరి. కొంతకాలమునకు కాపురము విరిగినది. మగడు వేరొక చాలీకి పోయెను. ఇప్పుడామె రాబడి 7,000. కిస్తు మాత్రము 12,000. ఇచ్చునప్పుడు కొలిచినది కుటుంబమును. వసూలు చేయునప్పుడు పట్టుకొన్నది ఒంటరి స్త్రీని! ఏడు వేలలోనుండి పండ్రెండు వేలు తీసి చూపగల గుమాస్తా ఈ లోకములో ఇంకను పుట్టలేదు.

ఆమె ఏమి చేయును? పాత కిస్తునకై క్రొత్త అప్పు చేయును. క్రొత్త అప్పునకై మెడలోనిది కుదువ పెట్టును. అదియు చాలనప్పుడు నూటికి నెలకు పది రూపాయల వడ్డీవానియొద్దకో, సెల్‌ఫోనులోని అప్పుల యాప్‌కో పోవును. కట్టలేని వారమున గుంపులోని తక్కిన స్త్రీలు ఆమె భాగము వేసికొనవలసివచ్చి, నిన్నటి స్నేహితురాండ్రు నేడు తిట్టుదురు. ఇంత జరుగుచున్నను, తీర్పు చెప్పిన పెద్దలు 'మేము మా పని చేసితిమి' అనుకొని సుఖముగా నిద్రపోవుదురు.

దీనికి వారు చెప్పు మొదటి సమాధానము, 'సంతకము పెట్టినది ఆమె. తీర్చవలసినది ఆమె' అని. ధర్మశాస్త్రము కూడ అదియే చెప్పుచున్నదని కొందరందురు. సరే, ధర్మశాస్త్రమునే చూతము. యాజ్ఞవల్క్య స్మృతిలో వ్యవహారాధ్యాయమున ఋణాదాన ప్రకరణమున్నది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. దానిని పదుమూడవ శతాబ్దమున, తిక్కన కాలమువాడైన కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు చేసెను. కనుక ఈ శాస్త్రము మన తెలుగువారికి ఏడు వందల యేండ్లనాటి ఎరుక. భర్త చేసిన అప్పును భార్యయు, భార్య చేసిన అప్పును భర్తయు తీర్చనక్కరలేదనియు, కుటుంబమునకై చేసినది మాత్రము వేరనియు ఆ స్మృతి చెప్పుచున్నది. తాను ఒప్పుకొన్నది, భర్తతో కలసి చేసినది, తానే చేసినది స్త్రీ తీర్చవలెనని కూడ చెప్పుచున్నది. ఆ మాటను మేము దాచుట లేదు.

కాని ఆ ప్రకరణముననే మరియొక నియమమున్నది. పశువులకాపరి, సారాయి అమ్మువాడు, నటుడు, బట్టలుతుకువాడు, వేటగాడు, వీరి భార్యలు చేసిన అప్పును భర్తలే తీర్చవలెను. ఎందుచేత? వారి జీవనము భార్యలపై ఆధారపడియున్నది గనుక. ఆ జాబితాలో నేతగాడు లేడని ఎవరైన వాదింపవచ్చును. లేడు, నిజమే. కాని కారణమును చెప్పి నియమమును చెప్పినప్పుడు, కారణమున్న ప్రతిచోటను నియమమున్నదని గ్రహించుట వివేకము. ఆలు కండె చుట్టకుండ, పడుగు సర్దకుండ, అప్పు తేకుండ బ్రతికిన నేతగాని ఇల్లు మన పేటలో ఒక్కటి చూపుడు. సంతకమును మాత్రమే చూచి సొమ్ము పోయిన దారిని చూడనివాడు శాస్త్రమును సగమే చదివినవాడు.

రెండవ సమాధానము, 'కోర్టు చూచుకొనును' అని. కోర్టు తనంతట తాను చూడదు. 1955 నాటి హిందూ వివాహ చట్టములో విడాకులున్నవి, భరణమున్నది, పెండ్లి సమయమున ఇరువురికిని కలిపి ఇచ్చిన వస్తువులను గూర్చి 27వ సెక్షను ఉన్నది. అప్పులను ఇద్దరికిని పంచు సెక్షను అందులో లేదు. అప్పుల సంగతి 1872 నాటి కాంట్రాక్టు చట్టము చూచును. ఇద్దరు కలసి సంతకము చేసిన అప్పును ఋణదాత వారిలో ఎవనియొద్దనైనను పూర్తిగా వసూలు చేసికొనవచ్చునని దాని 43వ సెక్షను. హామీగా నిలిచినవానికి అసలు బాకీదారుతో సమానమైన బాధ్యత కలదని 128వ సెక్షను. మగని సాంచా అప్పునకు హామీ సంతకము చేసిన స్త్రీ, విడాకులు వచ్చినంతమాత్రమున ఆ హామీనుండి విడివడదు. ఈ మాట మన ఆడబిడ్డలలో నూటికి ఎందరికి తెలియునో పెద్దలే చెప్పవలెను.

ఇంతకన్న ముఖ్యమైన మాట మరియొకటి. 'ఈ అప్పు మగడు కట్టును' అని రాజీ కాగితములో వ్రాసినను అది బ్యాంకును బంధింపదు. ఋణదాత కూడ ఒప్పుకొని పాత పత్రము స్థానమున క్రొత్త పత్రము వ్రాసికొన్నప్పుడే పాత బాధ్యత తొలగునని 62వ సెక్షను చెప్పుచున్నది. అట్లయిన రాజీలో వ్రాయుట వ్యర్థమా? కాదు. వ్రాసియున్నచో, ఆమె కట్టవలసి వచ్చిన సొమ్మును మగనినుండి రాబట్టుకొనుటకు ఆధారముండును. హామీదారు తాను చెల్లించినది అసలు బాకీదారునుండి తిరిగి పొందవచ్చునని 145వ సెక్షను ఉండనే యున్నది. వ్రాయనిచోట ఆమెకు మిగులునది కన్నీరు మాత్రమే.

మూడవ సమాధానము అన్నిటికంటె అన్యాయమైనది. 'ఇంటి గుట్టు బజారున పెట్టరాదు. అప్పు తీర్చలేమని చెప్పుట వంశమునకు మచ్చ' అని. వారానికొకసారి వసూలువాడు చాలీ మధ్యలో నిలిచి కేకలు వేయుచుండగా ఇంకను దాగియున్న గుట్టు ఏది? ఇచ్చిన మాట నిలుపుకొనుట గొప్ప గుణమే. అప్పు ఎగవేయుమని మేము ఎవరికిని బోధించుట లేదు. కాని తీర్చగలిగి తీర్చనివాడు వేరు, తీర్చలేనివాడు వేరు. ఈ భేదమును చట్టము కూడ ఒప్పుకొన్నది. బాకీ కట్టుటకు శక్తి లేనివానిని, దురుద్దేశము లేనివానిని, బీదతనము కారణముగా డిక్రీ క్రింద చెరలో వేయరాదని 1980లో సుప్రీంకోర్టు జాలీ జార్జి వర్గీసు కేసులో తీర్పు చెప్పెను. రొక్కపు డిక్రీ క్రింద స్త్రీని అసలే అరెస్టు చేయరాదని సివిల్ ప్రొసీజరు కోడు 56వ సెక్షను. వంటపాత్రలు, కట్టుబట్టలు, పరుపులు, చేతిపనివాని పనిముట్లు, మతాచారము ననుసరించి స్త్రీ విడువరాని ఆభరణములు జప్తు చేయరాదని 60వ సెక్షను. కోర్టునకున్న ఈపాటి మర్యాద మన సంఘమునకు ఉండవద్దా? ఒక్క జాగ్రత్త చెప్పవలెను. చెక్కు తిరిగివచ్చిన కేసునకు ఈ రక్షణ చాలదు. అది 1881 నాటి చట్టము 138వ సెక్షను క్రింద నేరము, రెండేండ్లవరకు శిక్ష పడవచ్చును. కాబట్టి సంతకము చేసిన ఖాళీ చెక్కును ఎవరి చేతను పెట్టరాదు.

ఇక మార్గములు. ఆక్షేపించి ఊరకుండుట మా యుద్దేశము కాదు.

మొదటి పని, జాబితా. ఎవరికి ఎంత, అసలెంత, వడ్డీ యెంత, ఎవరి సంతకము, సొమ్ము దేనికి ఖర్చయినది, అన్నియు ఒక కాగితముపై వ్రాయవలెను. తన పేర ఏయే అప్పులున్నవో తనకే తెలియని స్త్రీలు కలరు. సిబిల్ మొదలగు ఋణసమాచార సంస్థలు ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితముగా నియ్యవలెను. దానిని తెప్పించుకొన్నచో దాగిన అప్పులు బయటపడును. పిదప వరుస నిర్ణయించుకొనవలెను. గట్టిగా అరచినవానికి ముందు కట్టుట మనవారి యలవాటు, అది తప్పు. ఇంటి అద్దె, తిండి, కరెంటు, పిల్లల చదువు ముందు. కుదువలోనున్న బంగారము వేలము పోకుండ చూచుట తరువాత. తాకట్టు లేని అప్పులు ఆ పిదప. ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేయుట ఏ వరుసలోను లేదు.

రెండవది, ఆమె సొమ్ము ఆమెకు రావలెను. స్త్రీధనము భార్య స్వంత ఆస్తియనియు, భర్తగాని అత్తవారుగాని దానిని అట్టిపెట్టుకొన్నచో నమ్మకద్రోహ నేరమగుననియు 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పెను. పెండ్లియప్పుడు కట్నముగా పుచ్చుకొన్నదానిని మూడు మాసములలో ఆమెకు అప్పగింపవలెనని 1961 నాటి వరకట్న నిషేధ చట్టము 6వ సెక్షను చెప్పుచున్నది. ఇక్కడ తల్లిదండ్రులకును ఒక మాట. 2024 ఆగస్టులో తెలంగాణమునుండి వచ్చిన ఒక కేసులో, విడాకులు పొందిన కుమార్తె అధికారమియ్యకుండ ఆమె స్త్రీధనమును తండ్రి అడుగజాలడనియు, అది ఆమె యొక్కతె సొత్తనియు సుప్రీంకోర్టు తీర్పిచ్చెను. 'నీ పెండ్లికి చేసిన అప్పు' అని ఆ బంగారమును పుట్టింటివారు లాగికొనుటయు న్యాయము కాదు. పెండ్లి ఆడంబరమునకై చేసిన అప్పును ఆడంబరము చేసినవారే మోయవలెను.

మూడవది, భరణము. తన్ను తాను పోషించుకొనలేని భార్య, విడాకులు పొంది మరల పెండ్లాడని భార్య, పిల్లలు 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను క్రింద అడుగవచ్చును. మధ్యకాలపు భరణపు దరఖాస్తును వీలైనంతవరకు అరువది దినములలో తేల్చవలెనని అందులోనే యున్నది. కిస్తుల జాబితాను ఆ దరఖాస్తుకు జతపరచి, ఇంటికై చేసిన అప్పుల భారము తనపై ఎంత యున్నదో చూపవలెను.

నాలుగవది, కంపెనీకి వ్రాయుట. నోటితో బ్రతిమాలుట కాదు, వ్రాతపూర్వకముగా అడుగుట. కట్టలేక ఇబ్బందిపడువారిని గుర్తించి, వారితో మాటలాడి, దారి చూపు ఏర్పాటు చేసికొనవలెనని 2022 ఆదేశములే కంపెనీలకు చెప్పుచున్నవి. 'మీరు కొలిచిన కుటుంబము ఇప్పుడు లేదు. నా రాబడి యింత. గడువు పెంచి కిస్తు తగ్గింపుడు' అని వ్రాసి నకలు ఉంచుకొనవలెను. అప్పు వివరములు అప్పు తీసికొన్నవారికి తెలిసిన భాషలో ఇయ్యవలెనని కూడ ఆ యాదేశములలో నున్నది. తెలుగు మాత్రమే చదువగల స్త్రీచేత చదువలేని కాగితముపై సంతకము పెట్టించుకొన్నవారిని నిలదీయుటకు మనకు హక్కున్నది. భాషాభిమానమును సభలలో వల్లించుటకంటె ఇక్కడ చూపుట మేలు.

ఐదవది, బెదిరింపులకు బెదరకుండుట. సూక్ష్మఋణపు వసూలునకు ఉదయము తొమ్మిదింటికి ముందును, సాయంకాలము ఆరింటి తరువాతను రారాదు. దుర్భాషలాడరాదు, బంధువులను, తోడి పనివారిని వేధింపరాదు. నిర్ణయించిన చోటనే వసూలు చేయవలెను. అచ్చటికి వరుసగా రెండుసార్లకు తక్కువ గాకుండ రానప్పుడే ఇంటికి రావలెను. ముందు కంపెనీకే ఫిర్యాదు వ్రాసి, ముప్పది దినములలో జవాబు రానిచో, లేక వచ్చిన జవాబు తృప్తి కలిగింపనిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితముగా చెప్పుకొనవచ్చును. విచారణకు 14448 అను ఫోను కలదు. ఫోటోలు మార్చి బెదిరించు యాప్‌లవారిపై 1930కి తెలుపవలెను. మన మాతృరాష్ట్రమున 2010లో ఈ కంపెనీల వసూళ్ల మూలమున ఆత్మహత్యలు జరిగినవని గగ్గోలు పుట్టి, ఆ అక్టోబరులో ఆర్డినెన్సు వచ్చినది. 2025లో కర్ణాటకము, తమిళనాడు కూడ బలవంతపు వసూళ్లపై చట్టములు చేసినవి. ఏ అప్పును ప్రాణమంత ఖరీదు చేయదు. ఈ మాట ప్రతి యింటను పదేపదే చెప్పవలెను.

ఆరవది, లైసెన్సు లేని వడ్డీ వ్యాపారి. 2014 నాటి మహారాష్ట్ర వడ్డీ వ్యాపార నియంత్రణ చట్టము ప్రకారము లైసెన్సు లేకుండ ఆ వ్యాపారము చేయుట నేరము. అట్టివాడు తాకట్టుగా తీసికొన్న ఆస్తిని తిరిగి యిప్పించు అధికారము సహకార శాఖ జిల్లా అధికారికి కలదు. మరియు దాందుపట్ అను ప్రాచీన హిందూ న్యాయసూత్రము ఈ బొంబాయి ప్రాంతమున నేటికిని చెల్లుచున్నది: ఏ సమయముననైనను బాకీపడిన వడ్డీ అసలును మించరాదు. మన తాతల ధర్మమును పొగడువారు ఈ ధర్మమును వడ్డీవాని యెదుట పొగడినచో మేమును చప్పట్లు కొట్టుదుము.

ఏడవది, లోక్ అదాలతు. 1987 నాటి న్యాయసేవాధికార చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీకి రాబడితో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును. 15100 అను ఫోనుకు పిలువవచ్చును. తాలూకా, జిల్లా న్యాయసేవా కార్యాలయములకు పోవచ్చును. అక్కడ కుదిరిన రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. మన పెద్దల కాగితమునకు ఆ బలము లేదు. బ్యాంకు, భర్త, భార్య ముగ్గురును ఒకచోట కూర్చుండి అప్పును తెగగొట్టుటకు తగిన చోటు అది.

ఎనిమిదవది, అన్నియు విఫలమైనప్పుడు, దివాలా. ముంబయి నగరమునకు 1909 నాటి చట్టము. భివండీ వంటి తక్కిన ప్రాంతములకు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టము. బాకీలు 500 రూపాయలకు తగ్గక, తీర్చలేని స్థితిలో నున్నవారు తామే జిల్లా కోర్టున అర్జీ పెట్టుకొనవచ్చును. ఉన్న ఆస్తి ఋణదాతలకు పాళ్లప్రకారము పోవును. పిదప కోర్టు విముక్తి నియ్యవచ్చును. దారి పాతది, నడక నెమ్మది. అందుచేత దీనిని చివర చెప్పుచున్నాము. కాని చెప్పక మానము. 2016లో క్రొత్త దివాలా స్మృతి చేసినప్పుడు, ఏటా 60,000కు మించని రాబడియు, 20,000కు మించని ఆస్తియు, 35,000కు మించని అప్పును గల బీదవారికి అప్పు కొట్టివేసి క్రొత్త బ్రతుకునిచ్చు అధ్యాయమొకటి అందులో వ్రాసిరి. ఆ అధ్యాయము ఇంకను అమలులోనికి రాలేదు. పెద్ద కంపెనీల దివాలా కోర్టులు 2016 నుండి పనిచేయుచున్నవి. కండెలు చుట్టు స్త్రీకి వ్రాసిన పుటలు మాత్రము అట్లే యున్నవి. ఇంగ్లండు, వేల్సు దేశములలో 2021 మే నుండి అప్పుల పాలైనవారికి అరువది దినములు ఋణదాతలు పైబడకుండ, వడ్డీ పెరుగకుండ ఊపిరి తీసికొను వ్యవధి నిచ్చుచున్నారు. మన ప్రభుత్వమును అట్టిది అడుగుట తప్పా?

మేము స్త్రీల పక్షమే పట్టితిమని కొందరనవచ్చును. పట్టితిమి, ఎందుకనగా పేరు వారిది గనుక. కాని సూత్రము ఇరువురికిని ఒకటే. భార్య పుట్టింటి అవసరమునకో, ఆమె చిట్టీకో తన పేర అప్పు చేసి, ఆమె వెడలిపోయిన పిదప గాలా అద్దెయు కట్టలేక సాంచాలు తుక్కునకు అమ్ముకొన్న మగవారును మన మధ్య నున్నారు. వారి అప్పులును కాగితమునకు ఎక్కవలెను. అనుభవించినవారు మోయవలెను, ఇద్దరును అనుభవించినది ఇద్దరును మోయవలెను, మోయు పాలు రాబడినిబట్టి యుండవలెను. ఇంతకు మించి మేము కోరుట లేదు.

కనుక మన సంఘము పెద్దలను మూడు పనులు చేయుమని అడుగుచున్నాము. ఒకటి, అప్పుల జాబితా జతపరచని ఏ విడాకుల రాజీకిని సాక్షి సంతకము చేయరాదు. ప్రతి అప్పునకు ఎదురుగ తీర్చువాని పేరు, గడువు వ్రాయవలెను. బ్యాంకు సమ్మతి తెచ్చుటకు దినము నిర్ణయింపవలెను. రెండు, పంచాయితీలో స్త్రీలు కూడ కూర్చుండవలెను. అప్పు తెచ్చినవారు, కిస్తు కట్టినవారు వారే. లెక్క వారికే తెలియును. మూడు, మరాఠీ, తెలుగు రెండును వ్రాయనేర్చిన విశ్రాంత ఉద్యోగులు వారమున ఒక సాయంకాలము సంఘ మందిరమున కూర్చుండి, జాబితాలు వ్రాసిపెట్టుట, దరఖాస్తులు వ్రాయుట, కోర్టునకు బ్యాంకునకు తోడుపోవుట చేయవలెను. దీనికి చందా అక్కరలేదు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కొంత ఓపిక చాలును. మేము మా కలముతో వచ్చుటకు సిద్ధముగా నున్నాము.

ఉత్సవములకు వేలకు వేలు పోగుచేయగల సంఘమునకు ఇది భారము కాదు. రేపు మన పేటలో మరియొక కాపురము విరుగకుండునని ఎవరును హామీ యియ్యలేరు. విరిగిననాడు పెద్దలు మరల కూర్చుందురు, బంగారము మరల తూకము వేయుదురు. ఆనాడు ఎవరైన ఒకరు లేచి, 'అప్పు సంగతి తేలలేదు, ఇంకను కాగితము మడవకుడు' అని చెప్పవలెను. ఆ మాట ఎవరును అననిచో, ఈ వ్యాసము చదివిన మీరే అనుడు.